ఎనిమిదో బ్లాకు ఖాళీ

బాన్సువాడ బస్టాండు ఎదురుగా, సైకిల్ టాక్సీ దుకాణాన్ని ఆనుకుని తారాచంద్ దుకాణం ఉండేది. మోటార్లు చుట్టడం, రేడియోలు బాగుచేయడం అతని పని. చెయ్యి మంచిదే, కాని రేడియో ఇచ్చి నిలబడ్డవాడికి బోలెడంత ఓపిక కావాలి. వెనక అట్ట విప్పగానే మామూలు మెకానిక్ అయితే వేలు పెట్టేస్తాడు. తారాచంద్ పెట్టడు. టార్చిలైటు వేసి మూలమూలా చూస్తాడు. కర్రపుల్లతో కదిపి చూస్తాడు. పెట్టెను పక్కకు వంచి తట్టి, చెవి ఒగ్గి వింటాడు. అప్పుడు గాని చెయ్యి లోపలికి పోదు.

"ఏందన్నా, రేడియోల దయ్యం గిట్ట దాక్కున్నదా?" అని కుర్రకారు ఎగతాళి చేసేవారు.

"ఉన్నదో లేదో సూస్తున్న" అనేవాడు. నవ్వేవాడు కాడు, కోపం తెచ్చుకునేవాడూ కాడు.

బస్సెక్కితే ఇంకా తమాషా. కండక్టరు "ఖాళీ ఉంది, కూసో" అంటే ఈయన వంగి సీటు కింద చూసి కూర్చునేవాడు. వెనకవాళ్ళు విసుక్కునేవారు. నస్రుల్లాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చినవాడు కదా, బస్సులు కొత్తేమో అని టౌనువాళ్ళ వెక్కిరింత. ఛీ, ఏం మనుషులు! నిజామాబాద్ పోయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పాసై వచ్చినవాడికి బస్సులు కొత్తా? అతను మొదట్నుంచీ అట్లా లేడు. ఒకప్పుడు ఖాళీ అన్న మాట అందరికన్నా ధీమాగా అన్నవాడు అతనే. ఎనభై ఆరు జనవరి దాకా అతనూ మనలాంటివాడే, నమ్మిందాన్ని నమ్మినట్టు ఉండేవాడు.

ఆ రోజుల్లో అతని భార్య నీల బతికే ఉంది.

నీల అంటే తండా అంతటికీ ముద్దు. సన్నటి మనిషి, చురుకైన నోరు, నవ్వితే ఆగేది కాదు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక వరస, మోచేతి పైనుంచి భుజం దాకా ఇంకో వరస తెల్లటి గాజులు వేసుకునేది. పై గాజులు పెళ్ళినాడు ఎక్కుతాయి, మళ్ళీ మొగుడు పోయిననాడే దిగుతాయి. అది వాళ్ళ ఆనవాయితీ. ఆమె పనిలో ఉంటే గాజుల చప్పుడు మిల్లు దాకా వినబడేది. తారాచంద్‌కు ఆ చప్పుడు వింటూ పనిచేయడం అలవాటు.

మిల్లు అంటే జగన్మోహనరావుగారి రైసుమిల్లు. అప్పట్లో తారాచంద్ అక్కడే కరెంటు పని చేసేవాడు, కాపురం ఆ పక్కనే. ఆయన కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొని క్యాంపులో స్థిరపడిన కుటుంబంలోని మనిషి. డబ్బుకు లోటు లేదు, పిల్లల్లేరు, రైళ్ళంటే మాత్రం వెర్రి వ్యామోహం. బాన్సువాడకు రైలు లేదాయె. పట్టాలు బోధన్ దాకా వచ్చి ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోయాయి. అదిగో వస్తుంది ఇదిగో వస్తుంది అని వింటూ వింటూ ఆయన జుట్టు నెరిసింది. చివరికి విసుగుపుట్టి, "వాళ్ళెయ్యకపోతే మనమే వేసుకుందామయ్యా" అన్నాడు. అన్నంత పనీ చేశాడు.

ఆయన బావమరిది ఓడల్లో రేడియో ఆఫీసరు. సింగపూరు నుంచి బొమ్మరైళ్ళు, పట్టాలు, టీవీకి తగిలించే చిన్న కంప్యూటరు పెట్టె తెచ్చిచ్చాడు. మిల్లు ఆఫీసు వెనక, ధాన్యం గోదామును ఆనుకుని ఉన్న గదిని జగన్మోహనరావు ఖాళీ చేయించి, గోడ నుంచి గోడకు బల్ల కొట్టించాడు. బల్లకు ఈ చివర బోధన్. అక్కణ్ణుంచి రుద్రూర్, నస్రుల్లాబాద్, బాన్సువాడ, ఆ చివర పెద్ద కొడప్‌గల్. అట్టతో స్టేషన్లు, రంపపుపొట్టుకు రంగేసి వరిపొలాలు. వైరింగు తారాచంద్‌ది, కంప్యూటరుకు ప్రోగ్రాం రాయడం రావుగారిది. పుస్తకాలు ముందేసుకుని ఆయన ఏడాది పొడుగునా కుస్తీ పట్టి నేర్చుకున్నాడు.

బాన్సువాడకూ పెద్ద కొడప్‌గల్‌కూ మధ్య ఒక గుట్ట పెట్టాలన్నాడు.

"ఆడ గుట్టలేదు గద సార్" అన్నాడు తారాచంద్.

"గుట్ట లేకపోతే సొరంగం ఎలా వస్తుందయ్యా? సొరంగం లేని రైలు రైలేనా?"

సరే, గుట్ట కట్టారు. వెదురు బద్దల చట్రం మీద కాగితపు గుజ్జు పూత. చాటలకు పూసేటట్టే పాత పేపర్లు నానేసి, మెంతిపిండి కలిపి, రోట్లో దంచి నీల పూసింది. ఎండాక రాయిలా బిగిసింది. లోపలంతా డొల్ల, ఒక మేకపిల్ల పడుకునేటంత చోటు. బల్ల మూలకు, గోదాము గోడకు ఆనించి దాన్ని బిగించారు. వెనకవైపు చిన్న తలుపు పెట్టాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ తట్టలేదు. పూతంతా అయిపోయాక తట్టింది. తరవాత కోద్దాంలే అనుకున్నారు.

ఇక అసలు విద్య. పట్టా పొడుగునా దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు నంబరు ఇచ్చారు. ఆ ముక్కను బ్లాకు అంటారు. ఒక బ్లాకులో ఒక రైలే ఉండాలి. అది బయటికి పోతే గాని ఇంకోటి రాకూడదు. బాన్సువాడ స్టేషను ఆరో బ్లాకు. గుట్టలోపల ఏడు, ఎనిమిది. అవతల పెద్ద కొడప్‌గల్ తొమ్మిది. ప్రతి బ్లాకులోనూ పట్టాల మధ్య గింజంత బిళ్ళలు కొన్ని బిగించారు. వాటికి తారాచంద్ 'కండ్లు' అని పేరు పెట్టాడు. వెలుతురు పడుతున్నంతసేపు అవి నిమ్మళంగా ఉంటాయి. ఏదైనా పైకి వచ్చి నీడ పడితే తీగ గుండా కంప్యూటరుకు కబురు పోతుంది. టీవీ తెరమీద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఆరు నిండింది, ఆరు వదిలింది అని. తారాచంద్ వాటిని తన భాషలో ఆరు భర్తీ, ఆరు ఖాళీ అని చదువుకునేవాడు. ఆ కబుర్లను బట్టి కంప్యూటరు వెనకరైలును ఆపేది, పోనిచ్చేది.

గుట్ట లోపల చీకటి గనక ఏడుకూ ఎనిమిదికీ పైన చిన్న బల్బులు వేలాడదీశారు. వెలుతురు లేకపోతే కళ్ళకు అంతా నీడే కదా. ఆ బల్బులు పొద్దస్తమానం వెలుగుతుండేవి. సొరంగం మూతి దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది.

జగన్మోహనరావు ఇంకో పట్టు పట్టాడు. టీవీని గది ఈ మూలన పెట్టించి, నడిపేవాడు బల్లకు వీపు పెట్టి కూర్చోవాలన్నాడు. "నిజం రైల్వేలో క్యాబినులో కూర్చున్నవాడికి రైలు కనబడుతుందా? కబురు చూసి నడపాలి. కళ్ళతో చూసి నడిపేదానికి ఇంత వైరింగు ఎందుకు?" అని. తారాచంద్‌కు ఆ పందెం నచ్చింది. టీవీ ముందు పీట వేసుకుని, వెనక్కి తిరక్కుండా, రైలు ఎక్కడుందో పలికేవాడు. "రుద్రూర్ల ఉన్నది. ఇగ నస్రుల్లాబాద్ దాటింది. గుట్టల జొచ్చింది." చూడవచ్చిన జనం వాహ్వా అనేవారు. తండానుంచి తల్లి హేమ్లి వచ్చి చూసి, వీపుకు కూడా కళ్ళున్నాయేరా నీకు అని నోరు నొక్కుకుంది. నీల అయితే మురిసిపోయి ఇరుగుపొరుగువాళ్ళనల్లా పిలుచుకొచ్చింది.

ఆ ముచ్చట ఎక్కువ రోజులు సాగలేదు. గుట్టలో ఏ రైలూ లేకుండానే ఏడు భర్తీ, ఎనిమిది భర్తీ అని కబుర్లు రావడం మొదలైంది. కంప్యూటరు దాన్ని నమ్మి రైలును బాన్సువాడలో ఆపేసేది. జనం నవ్వేవారు. "బాన్సువాడల ఆగిన రైలు ఇగ కదలదు, రాసిపెట్టున్నది" అని ఒక పెద్దమనిషి అంటే రావుగారి మొహం మాడిపోయింది.

తారాచంద్ వారంపాటు దాని వెంటపడ్డాడు. కారణం దొరికింది. మిల్లు మోటారు వేసినప్పుడల్లా వోల్టేజి పడిపోతోంది, కంప్యూటరు వేడెక్కకుండా ఎప్పుడూ వేసి ఉంచే ఫ్యాను నీరసపడుతోంది, గుట్టలో బల్బులు మసకబారుతున్నాయి. కళ్ళు దాన్నే నీడ అనుకుంటున్నాయి. ఏడూ ఎనిమిదీ ఒక్కసారే భర్తీ అవుతాయి, మోటారు కుదురుకోగానే ఒక్కసారే ఖాళీ అవుతాయి.

"శభాష్!" అన్నాడు రావుగారు. "పక్క బ్లాకులో నడిచే రైలు లేకుండా ఏడు గానీ ఎనిమిది గానీ నిండడం జరగని పని. ఆకాశం నుంచి ఊడిపడదు కదా!" ప్రోగ్రాంలో ఒక లైను చేర్చాడు. పక్కన నడిచే రైలు లేకుండా కబురొస్తే తెరమీద దాని ముందు చుక్క పడుతుంది, రైలు మాత్రం ఆగదు. ఆ చుక్క కబుర్లకు ఇద్దరూ 'మిల్లు కబుర్లు' అని పేరు పెట్టుకున్నారు. చుక్క పడితే చాలు, "మిల్లుది" అని తారాచంద్ చెయ్యి ఊపేసేవాడు.

డిసెంబరు చలి ముదిరింది. కాలువ గట్లమీద తెల్లారేసరికి పొగమంచు, మిల్లు కూలీలు ఊక నిప్పుల చుట్టూ చేరేవారు. అప్పుడు చుక్క కబుర్ల తీరు మారింది. ఏడూ ఎనిమిదీ కలిసి రావడం లేదు. ముందు ఎనిమిది ఒక్కటే నిండుతుంది. కాసేపటికి ఏడు నిండుతుంది. అప్పుడు ఎనిమిది ఖాళీ అవుతుంది. అచ్చం రైలు పోయినట్టే, కాని రైలు కన్నా నిదానం.

తారాచంద్ గమనించలేదా అంటే గమనించాడు. కాని చేతిలో కారణం సిద్ధంగా ఉంది కదా! ఎనిమిదిలో బల్బు పాతదై ఉంటుంది, ముందే మసకబారుతోంది అనుకుని, తీగతో బయటికి లాగి కొత్త బల్బు వేశాడు. కబుర్లు ఆగలేదు. మిల్లు మూసిన ఆదివారం నాడూ వచ్చాయి. ఊరి వోల్టేజే అట్లా ఉంది, మిల్లే కావాలా ఏంటి అనుకున్నాడు. అయ్యో, దేవుడా! అప్పుడు తలెత్తి ఫ్యాను చూసి ఉంటే ఎంత బాగుండేది.

ఆ నెలలోనే రావుగారి భార్య శాంతకుమారిగారు ఒకనాడు టీ ఇస్తూ సంతోషంగా చెప్పారు. "ఏం చిత్రమో గాని తారాచందూ, గోదాములో ఎలకల బెడద పోయింది. ఎన్ని బోనులు పెట్టినా పోనివి, వాటంతటవే పోయాయి."

"చలికి పోయుంటయి అమ్మా" అన్నాడు తారాచంద్. టీ వేడిగా ఉంది, ఊదుకుని తాగాడు.

సొరంగంలో రైళ్ళు పట్టా తప్పడం మామూలే. గుట్టకు వెనక తలుపు లేదు గనక మూతిలోంచి చెయ్యి పెట్టి తీయాలి. తారాచంద్ చెయ్యి అందులో పట్టదు. రావుగారి చెయ్యి అసలే పట్టదు. నీల చెయ్యి పడుతుంది, భుజం దాకా పోతుంది. అయితే గాజులు అడ్డం. మొదటిసారి పెట్టినప్పుడు అవి మూతికి తట్టుకుని పూత రాలిపోయింది, గాజు ఒకటి ఇరుక్కుని చెయ్యి వెనక్కి రాలేదు. నూనె పోసి లాగారు. రావుగారు రాలిన రంగు చూసి ఉసూరుమన్నాడు.

"కుడిచేతి గాజులు తీసి పెట్టరాదే?" అన్నాడు తారాచంద్ ఆ రాత్రి అన్నం తింటూ. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీలో. మాట ఏదైనా సంగతి అదే.

నీల ముద్ద ఆపింది. "కిందియి తీస్త. పైయి ఎట్ల తీస్త?"

"భుజం దాక పోవాలె గద లోపలికి."

"సూసినోళ్ళు నువ్వు సచ్చినవనుకుంటరు."

"నేను ఎదురుంగనే ఉంట గద! బతికున్నోని ముంగట తీస్తే ఏమయితది? పని కాంగనే ఎక్కించుకో."

నీల నవ్వేసింది. హేమ్లికి తెలిసినప్పుడు మాత్రం ఇల్లు ఎగిరిపోయింది. "మొగుడు కండ్ల ముంగట ఉండంగ పై గాజులు తీస్తరానె ఎవరన్న? ఆ బొమ్మ బండి కోసమా? నీ మొగడు సెప్పంగనే అయిపాయెనా, నీ తెలివి ఏడ పోయింది?" అని కోడల్ని, "నీ సదువు మన్నుగాను" అని కొడుకునీ వాయించింది. ఆ తరవాత వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. నీల అత్తను బతిమాలుకుని, తీసిన ప్రతిసారీ ఆ కాసేపటికే ఎక్కించుకుంటానని మాట ఇచ్చింది. మాట తప్పలేదు కూడా. బల్ల అంచున పాత చీర ముక్క పరిచి గాజులు వరసగా పేర్చేది. రైలు తీసి ఇచ్చేది. సబ్బునీళ్ళు రాసుకుని ఒక్కొక్కటే ఎక్కించుకుని గాని గది దాటేది కాదు.

జనవరిలో సంక్రాంతి దాటాక ఒకనాడు చెయ్యి లోపల పెట్టినదల్లా గబుక్కున లాక్కుంది.

"లోపట ఏందో సల్లగ తగిలింది."

"పట్టా. సలికాలం గాదె?" అన్నాడు తారాచంద్ తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

"పట్టా గట్టిగుంటది. గిది మెత్తగున్నది."

"బల్బు తీగలకు గుడ్డ చుట్టిన, అదే."

గుడ్డ చుట్టిన మాట నిజమే. నీల మళ్ళీ చెయ్యి పెట్టలేదు. చీపురుపుల్లలతో రైలును అటూ ఇటూ తోసి ఎట్లాగో బయటికి లాగింది. ఇంటికి పోతూ దారిలో అంది, "ఇగ నేను పెట్ట. గుట్టకు వెనకనుంచి తలుపు కొయ్యి. అప్పటిదాక నన్ను పిలవకు."

"కోస్త. జెండా పండగ అయిపోనీ."

"కోస్త కోస్త అంటవు. నాకు బుగులైతుంది."

"నేను తెర ముంగట కూసోని సెప్త గద, లోపట ఏమన్న ఉన్నదో లేదో. కండ్లు పెట్టింది ఎందుకు?"

ఆ మాట ఆమెకు కొంచెం ధైర్యం ఇచ్చింది. మొగుడు తెర చదవడం ఊరంతా చూసింది కదా.

జెండా పండగనాడు మిల్లు మూసేశారు. బోధన్ నుంచి రిటైరైన స్టేషన్ మాస్టరు ఒకాయన జగన్మోహనరావుగారి రైల్వే చూడవస్తున్నాడు. రావుగారు తెల్లవారకముందే తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికూతురి తండ్రిలా తిరుగుతున్నాడు. అంత పెద్దమనిషీ చిన్నపిల్లాడైపోయాడు ఆ పొద్దు. నీల కొత్త లంగా, అద్దాల రవిక వేసుకుని, రెండు చేతులా గాజులు తళతళ తోమి వచ్చింది. తలుపు దగ్గర నిలబడింది.

పెద్దాయన వచ్చాడు. కళ్ళద్దాలు సర్దుకుని బోధన్ స్టేషను బొమ్మ చూసి, "మా నీళ్ళ ట్యాంకు కూడా పెట్టారే!" అని మురిసిపోయాడు. తారాచంద్ పీట మీద బల్లకు వీపు పెట్టి కూర్చుని రైలు వదిలాడు. రుద్రూర్ భర్తీ, రుద్రూర్ ఖాళీ. నస్రుల్లాబాద్. బాన్సువాడ. పెద్దాయన తల పంకిస్తున్నాడు. ఏడు భర్తీ. రైలు గుట్టలోకి పోయింది.

పోయింది, ఇక రాలేదు. లోపల టిక్కుమని చప్పుడైంది. పట్టా తప్పింది. తారాచంద్ పట్టాల కరెంటు ఆపేశాడు.

"అయ్యో" అన్నాడు రావుగారు. మొహం చిన్నబోయింది. "ఒక్క నిమిషమండీ, తీసేస్తాం. నీలా! రామ్మా, కాస్త తీసిపెట్టు."

నీల కదల్లేదు. మొగుడి వైపు చూసింది. అందరూ చూస్తున్నారు. తారాచంద్ తల తిప్పి, కళ్ళతోనే బతిమాలాడు. ఈ ఒక్కసారి అన్నట్టు.

ఆమె నిట్టూర్చి బల్ల దగ్గరికి వచ్చింది. కుడిచేతి గాజులు ఒక్కొక్కటే తీసి చీరముక్క మీద పేర్చింది. పై గాజు చివరిది తీస్తున్నప్పుడు శాంతకుమారిగారు మొహం అటు తిప్పుకున్నారు. తెల్లగా, సన్నగా, గాజుల గీతలు పడ్డ చెయ్యి. అది సొరంగం మూతి దగ్గరికి పోయి ఆగింది.

"సూడు. లోపట ఏం లేదు గద?"

తారాచంద్ తెరకేసి తిరిగాడు. ఏడు భర్తీ అని ఉంది. అది రైలు. అప్పుడే ఇంకో కబురు పడింది. ముందు చుక్క, ఎనిమిది భర్తీ.

"ఆగు" అన్నాడు.

నీల చెయ్యి వెనక్కి తీసుకుంది.

మిల్లు కబురు అనుకోబోయాడు. మిల్లు మూసి ఉంది. వోల్టేజి అనుకోబోయాడు. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది, కొంచెం కూడా నెమ్మదించలేదు. ఎనిమిది నిండే ఉంది. వెనక అందరూ ఎదురుచూస్తున్నారు. రావుగారు గొంతు సవరించుకున్నాడు. తారాచంద్ తెరనుంచి చూపు తిప్పలేదు. పో, పో అని మనసులో అనుకుంటున్నాడు.

ఎనిమిది ఖాళీ.

అమ్మయ్య! పీట మీద వెనక్కి వాలాడు. ఏదైతేనేం, పోయింది. గొంతు ఎప్పటిలాగే ధీమాగా పలికింది. "ఎనిమిది ఖాళీ అయింది. ఏం లేదు, పెట్టు చెయ్యి."

నీల చెయ్యి పెట్టింది. భుజం దాకా పోయింది.

ఆమె అరవలేదు. పళ్ళు బిగించి, చెయ్యి బయటికి తీసి, చేతిలో ఉన్న ఇంజను బల్లమీద జాగ్రత్తగా నిలబెట్టింది. తరవాత మణికట్టు చూసుకుంది. "ఏందో కుట్టింది" అంది. రెండు చుక్కలు, పక్కపక్కనే. ఒకదాంట్లోంచి నెత్తురు సన్నగా కారుతోంది.

స్టేషన్ మాస్టరు ముందు గ్రహించాడు. "పాము!" అని కేక వేశాడు.

తారాచంద్ తలగుడ్డ చింపి మోచేతి పైన కట్టాడు. రావుగారు జీపు తీశాడు. ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసిపోయింది, తాళం చెవి సందులో పడడం లేదు, ఏడుస్తూనే స్టార్టు చేశాడు. కాలువ గట్టు మీద జీపు ఎగిరెగిరి పడుతుంటే నీల తల తారాచంద్ ఒళ్ళో ఉంది. రెప్పలు వాలిపోతున్నాయి, ఎత్తలేకపోతోంది.

"నిద్రొస్తుంది."

"పండకు. నీల, నా మొకం సూడు. మాట్లాడు. ఏదన్న మాట్లాడు!"

"గాజులు... తెచ్చినవా?"

తేలేదు. అక్కడే బల్ల అంచున ఉన్నాయి. "తెస్త. పోంగనే తెస్త. నువ్వు కండ్లు మూయకు" అన్నాడు. ఆమె ఇంకేదో అనబోయింది. నాలుక తిరగలేదు. దవాఖాన గేటు కనబడేసరికి ఊపిరి ఆగిపోయింది. తారాచంద్ మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. డాక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆపలేదు.

సాయంత్రం గాజుల కోసం అతనొక్కడే మిల్లుకు వచ్చాడు. కూలీలు అప్పటికే గడ్డపారలతో గుట్ట బద్దలుకొట్టారు. లోపల బల్బు కింద, ఎలక వెంట్రుకలు, కుబుసం ముక్కలు. నాగుపామును చంపి బయట పారేశారు. బల్ల ఎత్తున, గుట్ట ఆనిన గోడలో గోదాములోకి ఎలకల బొరియ. వెచ్చటి చోటు, కాళ్ళదగ్గరే తిండి. దాన్ని పిలిచి పడకేసినట్టే చేశారు పాపం వీళ్ళు.

తెర ఇంకా వెలుగుతోంది. ఎవరూ ఆపలేదు. పొద్దుటి కబుర్లు అట్లాగే ఉన్నాయి. ఏడు భర్తీ. చుక్క, ఎనిమిది భర్తీ. చుక్క, ఎనిమిది ఖాళీ.

తారాచంద్ వాటిని చదివాడు. మళ్ళీ చదివాడు. ఎనిమిది ఖాళీ అయింది, నిజమే. తెర అబద్ధం చెప్పలేదు. ఎనిమిది వదిలినది తొమ్మిదిలోకి రాలేదు, వచ్చి ఉంటే తొమ్మిది భర్తీ అని పడేది. బొరియలోకి పోలేదని నీల చెయ్యే చెప్పింది. అంటే ఏడులోకే వచ్చింది. ఏడు రైలుతో అప్పటికే నిండి ఉంది. నిండినదాన్ని మళ్ళీ నిండిందని ఏ కన్నూ చెప్పదు. ఎనిమిది ఖాళీ అంటే పాము పోయిందని కాదు, నీల చెయ్యి పెట్టే చోటికే వచ్చిందని. ఆ సంగతి అక్షరాలా తెరమీద ఉంది. చదవడం వచ్చినవాడు తనొక్కడే. తనే పెట్టమన్నాడు. అతను బల్ల మీద తల కొట్టుకున్నాడు. శాంతకుమారిగారు పరిగెత్తుకొచ్చి పట్టుకోకపోతే ఇంకేం చేసుకునేవాడో.

గాజులు చీరముక్కలో మూటకట్టుకుని తండాకు పోయాడు. నీలను ముంగిట్లో పడుకోబెట్టారు. ఎడమచేతి నిండా గాజులు, కుడిచెయ్యి బోసి. హేమ్లి ఏడుపు ఆపి చెయ్యి చాచింది.

"తే. మొగుడుండంగ పోయిన పిల్ల. రెండు చేతుల నిండ ఎక్కించి పంపాలె."

ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఎక్కించబోయింది. చెయ్యి వాచి, నల్లబడి, బిగుసుకుపోయి ఉంది. గాజు వేళ్ళు దాటలేదు. సబ్బునీళ్ళు తెచ్చారు. ఆముదం రాశారు. ఆముదానికి హేమ్లి పట్టు జారిపోతోంది. ఆడవాళ్ళంతా అలిసిపోయి చూస్తున్నారు. ఆఖరికి హేమ్లి గాజు కొడుకు చేతిలో పెట్టింది. తిట్టలేదు. "నువ్వే తీపిచ్చినవు గద, నువ్వే ఎక్కియ్యి" అంది.

తారాచంద్ నీల చెయ్యి చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే దగ్గరికి నొక్కి, నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా గాజు తోశాడు. అది అరచేయి దాటింది. మణికట్టు దాకా పోయి, ఆ రెండు చుక్కల దగ్గర ఆగిపోయింది. ఎంత తోసినా అక్కణ్ణుంచి పైకి పోలేదు.